టెండరు సంఖ్యయు రుసుమును – ప్రజాధనమునకు రెండు కావళ్ళు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఈ ఉత్సవసభలో కావ్యములను గూర్చియు కవులను గూర్చియు చెప్పదగినవారు చెప్పినారు. నా వంతు వచ్చునప్పటికి నేనెన్నుకొన్న విషయము మీకు కొంత శుష్కముగా తోచవచ్చును. టెండరు ప్రకటనలో కనబడు సంఖ్య, ఆ టెండరు వేయువాడు కట్టు రుసుము, ఈ రెండే నేడు నేను మాటాడదలచినవి. గ్రంథాలయములో ఇట్టి మాట యేల యని ఎవరైన అడుగవచ్చును. దానికి సమాధానమీ భవనములోనే కలదు. 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి మనము చెల్లించు ఆస్తిపన్నుపై రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా కట్టుచున్నాము. బీరువాలోని పుస్తకమైనను, మనము కూర్చున్న బల్లయైనను ఎవరో యొకరు కొనినదే. ఆ కొనుటకు ఒక పద్ధతి యుండవలె. ఆ పద్ధతి పేరే టెండరు. పుస్తకము చదువ నేర్చినవాడు తన సొమ్ముతో ఏమి కొన్నారో తెలుపు కాగితమును గూడ చదువ నేర్వవలెనని నా మనవి.

ఇది నవనాగరికులు తెచ్చిన చింత కాదు. భారత సభాపర్వములో నారదుడు ధర్మరాజును కుశలమడుగుచు, నీ గణకులును లేఖకులును ప్రతిదినము పూర్వాహ్ణమున ఆయవ్యయములను సరిచూచుచున్నారా యని ప్రశ్నించును. రాజసూయము తలపెట్టబోవు రాజునకు ఋషి వేసిన ప్రశ్నలలో లెక్కల ప్రశ్న యొకటి! కౌటిల్యుడు మరికొంత దూరము పోయి, ఉద్యోగులు రాజధనమును హరించు ఉపాయములు నలువది యని లెక్కించి చెప్పెను. భూమియు గృహమును అమ్మునపుడు అందరియెదుట ముమ్మారు చాటవలెననియు, కొనువారు పోటీపడి ధర పెంచినచో ఆ పెరిగిన మొత్తము శుల్కముతో గూడ కోశమునకు చేరవలెననియు విధించెను. బహిరంగ ప్రకటన, పోటీ, రుసుము – నేటి టెండరుకు కావలసిన మూడంగములును అందులో నున్నవి.

ఆ గ్రంథములోనే ముద్రాధ్యక్షుడను అధికారి కలడు. ఒక మాషకము పుచ్చుకొని బాటసారికి ముద్ర నిచ్చుట ఆతని పని. ముద్ర యున్నవాడే జనపదములో ప్రవేశించుటకును వెడలుటకును అర్హుడు. లేనివానికి పండ్రెండు పణముల దండనము. గమనింపుడు: రుసుమును, గుర్తును రెండును ఒక్కచోట వచ్చినవి. రుసుము గట్టిన గుర్తు లభించును. గుర్తున్న ద్వారము తెరచుకొనును. నేటి కంప్యూటరు టెండరులో జరుగునదియు నిదియే.

మన ప్రాంతపు చరిత్ర చూతము. నిజాము రాజ్యములో చిరకాలము భూమిశిస్తు వసూలునే గుత్తకిచ్చెడివారు. ఇంత సొమ్ము దివాణమునకు చెల్లింతునని ఒప్పుకొన్నవానికి తాలూకా అప్పగింతురు; ఆ పైన రైతునొద్ద ఎంత పిండుకొన్నను అడుగువాడు లేడు. ఎవరికి, ఏ షరతుపై గుత్త ఇచ్చిరో ఊరివారికి తెలియదు. 1853లో దివానైన మొదటి సాలార్‌జంగు ఈ పద్ధతిని క్రమముగా తొలగించి, 1865లో జిల్లాబందీ యేర్పరచి, జీతము పుచ్చుకొను ఉద్యోగులచేత శిస్తు వసూలు చేయించెను. గుత్త యను మాట మాత్రము మన నాలుకలనుండి పోలేదు. నేటికిని రోడ్డు వేయువానిని గుత్తేదారనియే పిలుచుచున్నాము.

తరువాత సీలువేసిన కవరుల కాలము వచ్చినది. కార్యాలయములో టెండరు పెట్టె యుండెడిది. షెడ్యూలు కాగితములు వెల యిచ్చి కొని, ధర నింపి, లక్క ముద్ర వేసి పెట్టెలో వేయవలె. పద్ధతి మంచిదే, లోపములు మాత్రము మూడు. షెడ్యూలు కొనబోయినవానికి కాగితములై పోయినవని చెప్పవచ్చును. కొన్నవాని పేరు సాటివారికి ముందే తెలిసిపోవును గనుక వారు కూడబలుకుకొని, ఈ పని నీకు, ఆ పని నాకు అని పంచుకొనవచ్చును; దీనినే రింగు కట్టుట యందురు. రింగులో చేరనివానిని పెట్టె చెంతకు రానీయకుండ అడ్డగింపనూ వచ్చును. ఇవి తెలుగునాట అందరెరిగిన సంగతులే.

ఈ అవస్థను తప్పించుటకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2003లో కంప్యూటరు ద్వారా టెండర్లు స్వీకరించు పద్ధతిని ప్రారంభించెను. మన దేశములో రాష్ట్ర ప్రభుత్వములు ఈ దారి పట్టిన తొలిరోజులవి. సాగునీటి శాఖ, రోడ్లు భవనముల శాఖ మొదలగు నాలుగు సంస్థలతో మొదలై క్రమముగా తక్కిన శాఖలకు వ్యాపించినది. ఇందులో పెట్టె యెదుట నిలువబడు పని లేదు. కీసరలో కూర్చున్నవాడును, నాచారములో కూర్చున్నవాడును, కర్నూలులో కూర్చున్నవాడును ఒకే తీరుగ టెండరు వేయవచ్చును. లక్క ముద్రకు బదులు 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము గుర్తించిన డిజిటల్ సంతకము వచ్చినది. 2014లో తెలంగాణ యేర్పడిన పిదప మన రాష్ట్రమునకు వేరుగా టెండరు వేదిక ఏర్పడినది.

ఇక సంఖ్య మాట. కాళిదాసు శాకుంతలమునకు పెట్టిన పేరులో అభిజ్ఞానమను మాట కలదు. అభిజ్ఞాన మనగా ఆనవాలు. ఉంగర మున్నంతవరకు శకుంతల రాజపత్ని. అది జారి నీటిలో పడిన పిదప ఆమె యెవరో రాజునకే తెలియదు. టెండరు సంఖ్య ప్రజల పనికి అట్టి యుంగరము. అది చేతనున్నంతవరకు ఆ పని అంచనా యెంత, ఎందరు పోటీపడిరి, ఎవరికి దక్కినది, ఎంతకు దక్కినది యను ప్రశ్న లన్నిటికిని సమాధానముండును. అది జారినచో, మా వీధి కాలువ పని ఏమైనదని మీరడిగినపుడు, ఏ కాలువ యని వారు మిమ్మే అడుగుదురు.

ఒక పనికి సాధారణముగా మూడు సంఖ్యలుండును. మొదటిది టెండరు ప్రకటన సంఖ్య; కార్యాలయము తన రిజిస్టరులో వేసికొనునది. ఒక్క ప్రకటన క్రింద పది పనులుండవచ్చును. రెండవది కంప్యూటరు స్వయముగా ఇచ్చు టెండరు గుర్తింపు సంఖ్య. ఒక్కొక్క పనికి ఒక్కొక్కటి. మూడవది పని దక్కినవానితో వ్రాసికొను ఒప్పందపు సంఖ్య. మొదటిది మనిషి వేసినది గనుక రెండు కార్యాలయములలో ఒకే సంఖ్య యుండవచ్చును. రెండవది ఆ వేదికపై మరియొక పనికి రాదు. కావున మీరు వ్రాసి యుంచుకొనవలసినది ముఖ్యముగా రెండవది.

ఆ సంఖ్యను చదువుటయు కష్టము కాదు. కేంద్రప్రభుత్వ సంస్థల వేదికపై ముందు సంవత్సరము, తరువాత సంస్థ పేరునకు పొడి అక్షరములు, ఆ పిదప వరుస అంకెలు, చివర ఆ ప్రకటనలో ఎన్నవ పనియో తెలుపు అంకె యుండును. 2016లో వచ్చిన జెమ్ అను ప్రభుత్వ అంగడిలో జెమ్ అను పేరు, సంవత్సరము, బిడ్డునకు బి యనియు, ఎదురు వేలమునకు ఆర్ అనియు ఒక అక్షరము, పిదప అంకెలు వచ్చును. పంచాంగములో తిథివారనక్షత్రములు చూడ నేర్చినవారికి ఇది యొక లెక్క కాదు.

పని చేసినవారి గుర్తు నిలుపుట మన ఊరికి క్రొత్త కాదు. కీసరగుట్ట రాతిపై విష్ణుకుండినుల కాలమునాటిదని పండితులు చెప్పు చిన్న శాసనమొకటి కలదు. అందున్నది తొలుచువాండ్రు అను ఒక్కమాట. రాతిని తొలిచిన పనివారి మాటగా దానిని పండితులు చదివినారు. రాజు బిరుదములు లేవు, దానధర్మముల వర్ణన లేదు. పదునైదు శతాబ్దములు గడచినను ఆ రాతిపని యెవరిదో రాయి చెప్పుచున్నది. నిన్న మొన్న వేసిన సిమెంటు రోడ్డు ఎవరు వేసిరో మనకు తెలియకుండుట వింత గాదా?

రుసుముల సంగతికి వత్తును. ఇచ్చట మన యువకులు పొరబడుచున్నారు గనుక కొంచెము విపులముగ చెప్పుదును. టెండరు వేయువాడు కట్టు సొమ్ములన్నియు ఒక జాతివి కావు. తిరిగి రానిది రుసుము. తిరిగి వచ్చునది ధరావతు. షెడ్యూలు వెల, వేదిక వాడుకకు కట్టు లావాదేవీ రుసుము మొదటి జాతి. మాట తప్పడని నమ్మకమునకై కట్టు ఇ.యం.డి. రెండవ జాతి. పని దక్కనివానికి అది తిరిగి వచ్చును. దక్కిన పిదప ఒప్పందమునకు రానివాడు దానిని కోల్పోవును.

అంకెలతో చూతము. 2003 జూలైలో సాగునీటి శాఖ వెలువరించిన టెండరు సంస్కరణల ఉత్తర్వు ప్రకారము అంచనా విలువపై నూటికి 1 వంతు టెండరుతోను, దక్కినచో మరి ఒకటిన్నర వంతు ఒప్పందము నాడును ధరావతుగా కట్టవలె. 20 లక్షల రూపాయల పని యనుకొందము. టెండరుతో 20,000, ఒప్పందము నాడు 30,000, వెరసి 50,000. ఇది వానిదే, పని సక్రమముగా ముగించిన పిదప వానికే చేరును. లావాదేవీ రుసుము సంగతి వేరు. ఉమ్మడి రాష్ట్ర కాలమునుండి టెండరు ప్రకటనలలో అచ్చగుచు వచ్చిన రేటు, వేసిన ధరపై నూటికి 0.03 వంతు. 20 లక్షలకు అది 600 రూపాయలు, దానిపై నూటికి 18 చొప్పున పన్ను 108, వెరసి 708. పని దక్కినవాడు వేదిక నిధికి అంచనా విలువపై నూటికి 0.04 వంతు, అనగా మరి 800 కట్టవలె. రేట్లు ఉత్తర్వులతో మారుచుండును గనుక మీరు వేయబోవు టెండరు ప్రకటనలో నున్నదే మీకు ప్రమాణము.

ఈ లెక్కలో ఒక సూక్ష్మము కలదు. ఆ 0.03 వంతునకు ఒక గరిష్ఠ పరిమితి పెట్టిరి: 50 కోట్ల వరకు 10,000 రూపాయలు, ఆ పైన 25,000. గుణించి చూడుడు. సుమారు 3 కోట్ల 33 లక్షలకే 10,000 పూర్తియగును. కనుక 50 కోట్ల పని వేయువాడును ఆ పదివేలే కట్టును. వానికి పడినది నూటికి 0.002 వంతు. అనగా మన 20 లక్షల చిన్నవానిపై పడిన భారములో పదునైదవ వంతు మాత్రమే. 600 రూపాయలు పెద్ద మొత్తము కాదు, నిజమే. వేదిక నడపుటకు పెద్ద టెండరుకైనను చిన్న టెండరుకైనను శ్రమ యొకటే యను వాదమును గలదు. అయినను చిన్నవాడు ఏడాదికి ఇరువది టెండర్లు వేసి రెండు దక్కించుకొనును. పోయిన పదునెనిమిదింటి రుసుమును ఆ రెండింటి లాభమునుండియే తీయవలె. రుసుము లేనిచో పనికిరానివారు గుంపులుగా వచ్చి కార్యము చెరతురు. హెచ్చినచో యోగ్యుడైన పేదవాడు గుమ్మమెక్కడు. గుమ్మమునకు గడప యుండవలసినదే. గడపయే గోడ కారాదు.

కేంద్రప్రభుత్వ మీ విషయమును గుర్తించి, 2012 నాటి సేకరణ విధానములో సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు టెండరు పత్రములను ఉచితముగా నిచ్చుటయు, ఇ.యం.డి. నుండి మినహాయించుటయు విధించినది. కేంద్ర శాఖలును, సంస్థలును తమ వార్షిక కొనుగోళ్ళలో ఇంత భాగము వీరినుండి కొనవలెననిరి. మొదట నూటికి 20, 2018 నుండి 25. అందులో షెడ్యూల్డు కులముల, తెగల వారి పరిశ్రమలకు 4, స్త్రీల పరిశ్రమలకు 3 వంతులు వేరు చేసిరి. ఇది మన ప్రాంతమునకు మిక్కిలి ముఖ్యము. నాచారము, మల్లాపురము, చర్లపల్లి పారిశ్రామికవాడలలో లేతుయంత్రము పెట్టుకొని బ్రదుకువారు మనవారే. వారి చెంతనే ఇ.సి.ఐ.ఎల్., అణుఇంధన సముదాయము వంటి కేంద్ర సంస్థలు కలవు. నేనెరిగిన యొక యువకుడు ఒక కార్యాలయమునకు సామాను సరఫరా చేయుటకు టెండరు వేసి, తన చిన్న పరిశ్రమ రిజిస్ట్రేషను పత్రమును జతపరుపక, ఇ.యం.డి.యును కట్టక పోయెను. వాని ధర విప్పకయే టెండరును త్రోసివేసిరి. మినహాయింపు కలదని వానికి తెలియును. దానిని పత్రముతో ఋజువు చేయవలెనని తెలియదు. ఆ విధానము రెండు సారులు చదివియుండినచో వాని శ్రమ దక్కియుండెడిది.

యంత్రము వచ్చినది గదా, ఇక దొంగతనము లేదని నిశ్చింతగా నుండరాదు. మధ్యప్రదేశ్‌లో 2018లో త్రాగునీటి పనుల కంప్యూటరు టెండర్లలో, వేసిన ధరలనే లోపల మార్చినారని బయటపడి, మరుసటి యేడు పోలీసులు కేసు నమోదు చేసిరి. తాళము కనిపెట్టినవాడే మారుతాళమును గూడ కనిపెట్టును. అదియు గాక, టెండరు పిలువవలసిన పెద్ద పనిని చిన్న చిన్న ముక్కలుగా చేసి, టెండరు లేకుండ నామినేషనుపై ఇచ్చుట యను పాత విద్య యొకటి కలదు. అట్టి ముక్కలకు టెండరు సంఖ్య యుండదు. సంఖ్య లేకపోవుటయే యొక సమాచారమని మీరు గ్రహింపవలె. ఒకే వీధిలో ఒకే మాసమున నాలుగు ముక్కలుగా కాలువ కట్టినచో, నాలుగింటికిని ఏల టెండరు లేదని అడుగుటకు మనకు హక్కు కలదు.

ఆ హక్కునకు న్యాయస్థానపు బలమును గలదు. బొంబాయి విమానాశ్రయములో ఫలహారశాల నడుపుటకు పిలిచిన టెండరును గూర్చి 1979లో రమణ దయారాం శెట్టి వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ప్రభుత్వ సంస్థ తాను ప్రకటించిన అర్హతలకు తానే కట్టుబడవలె. ప్రకటన యొకటి, ఇచ్చుట యొకటి కారాదని ఆ తీర్పు సారాంశము. మన దొడ్డిగోడకు ఆవల సాగు ఔటర్ రింగు రోడ్డును చూడుడు. 158 కిలోమీటర్ల ఆ దారిపై సుంకము వసూలు చేయు హక్కును 30 ఏండ్లకు 2023లో టెండరు ద్వారా 7,380 కోట్ల రూపాయలకు ఇచ్చిరి. మొత్తము ముందుగా పుచ్చుకొనినది. ఊరక భాగించినచో ఏటికి 246 కోట్లు. అది తగిన ధరయా కాదా యను చర్చ శాసనసభ వరకు పోయినది. ఆ తీర్పు చెప్పు యోగ్యత నాకు లేదు. ధర యెంతో, దానిని ముందుగా ఎట్లు అంచనా వేసిరో ప్రజల యెదుట నున్ననే గాని చర్చ న్యాయముగా సాగదని మాత్రము చెప్పగలను.

మనము చేయగలిగిన దేమి? 2005 నాటి సమాచార హక్కు చట్టము మన చేతిలో నున్నది. దాని రుసుమును చూడుడు: గ్రామస్థాయి కార్యాలయమునకు దరఖాస్తు రుసుము లేదు, మండలస్థాయికి 5 రూపాయలు, తక్కినవానికి 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి అదియు లేదు. ముప్పది దినములలో జవాబు రావలె. కాని అడుగుటలో నేర్పుండవలె. మా ఊరి పనులలో అక్రమములు జరిగినవి, వివరములు తెలుపుడని వ్రాసినచో జవాబు శూన్యము. ఫలాన టెండరు గుర్తింపు సంఖ్య గల పనికి అంచనా ప్రతి, వచ్చిన ధరల తులనాత్మక పట్టిక, ఒప్పందపు ప్రతి, కొలతల పుస్తకములోని పుటల ప్రతులు ఇప్పింపుడని వ్రాసినచో తప్పించుకొను దారి యుండదు. సంఖ్య లేని అర్జీ చిరునామా లేని ఉత్తరము.

ఈ రజతోత్సవ సందర్భమున మన గ్రంథాలయమునకు నా విన్నప మొక్కటే. పత్రికలుంచు బల్లపై ఒక లావుపాటి రిజిస్టరు నుంచుడు. ఆరు గళ్ళు చాలును: పని పేరు, టెండరు గుర్తింపు సంఖ్య, అంచనా, దక్కిన ధర, గడువు, పూర్తియైన తేది. మన వీధులలో జరుగు ప్రతి పనిని, బడి గదియైనను, నీటి గొట్టమైనను, దీపస్తంభమైనను, అందులో వ్రాయుదము. చదువుకొను పిల్లలు వంతులవారీగ వ్రాసినచో వారికి లెక్కలును వచ్చును, లోకమును తెలియును. ఎవరినో నిందించుటకు గాదు. నీతిగా పనిచేసిన గుత్తేదారునకు, నిజాయితీపరుడైన ఉద్యోగికి ఆ రిజిస్టరే మంచి సాక్ష్యము. ఖాళీగా మిగిలిన గడి మాత్రము తనంత తానే ప్రశ్నించును. మన పాలన పంచాయతీ చేతనున్నను, పురపాలకుల చేతనున్నను, పేరు మారినంత మాత్రమున ఆ ప్రశ్న మారదు.

 ఈ సంస్థ స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి మన రిజిస్టరు పది సంపుటములై ఆ బీరువాలో భారత భాగవతముల ప్రక్కన నిలుచుగాక యని కోరుచు సెలవు గైకొనుచున్నాను.